144 మ్యాచ్‌ల పాస్ కొని మునిగాను, వరల్డ్ కప్ పాస్‌కి డబ్బులు కట్టేముందు ఒకసారి చదవండి

శ్రీకాకుళం ఫుట్‌బాల్ బ్యాచ్‌కి, ఆమదాలవలస, నరసన్నపేట నుంచి బళ్లేసుకుని మ్యాచ్‌లకొచ్చే తమ్ముళ్లకి కూడా. టౌన్లో పెద్ద స్క్రీన్ మీద మ్యాచ్‌లేసే ఒక కెఫే వాళ్లు 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి "104 మ్యాచ్‌ల ఫుల్ పాస్ 3,000" అని స్టేటస్‌లు పెడుతున్నారు. తొందరపడి కట్టీకండి. ముందు నా సోది వినండి.

2024 సెప్టెంబర్‌లో ఇదే కెఫే వాళ్లు చాంపియన్స్ లీగ్‌కి, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీకి, ఇలాగే పాస్ పెట్టారు. ఆ ఏడాదే కదా 32 టీముల్ని 36 చేసి, గ్రూపులు తీసీసి, అందర్నీ ఒకే టేబుల్లో పెట్టి ఒక్కో టీముకి ఎనిమిది మ్యాచ్‌లన్నారు, దాంతో మొదటి రౌండే 96 నుంచి 144 మ్యాచ్‌లయిపోయింది. పాస్ 2,500. నేను ఫోన్‌లో లెక్కేసాను, మ్యాచ్‌కి పదిహేడు రూపాయలు పడతాది, ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ, సమోసా కూడా రావు ఆ రేటుకి అని సంబరపడిపోయి అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టీసాను. బీకాం చదివినోడిని, సిగ్గుగానే ఉంది చెప్పుకోడానికి.

ఎందుకంటే 144 మ్యాచ్‌లు జరుగుతాయి నిజమే గాని, చూడ్డానికి కుదరాలి కదా. ఒక్కో రౌండుకి 18 మ్యాచ్‌లు, అవి రెండు మూడు రాత్రుల్లో ఒకే టైముకి ఏడెనిమిది మొదలవుతాయి. కెఫేలో స్క్రీన్ ఒక్కటే. ఒక్కటీ మిస్సవకుండా కూచున్నా ముప్పై చిల్లర దాటవు. అందులో సగం పైన మన టైముకి రాత్రి పన్నెండున్నరకి, చలికాలం వస్తే ఒంటిగంటన్నరకి మొదలవుతాయి, పదకొండు దాటితే బీట్ పోలీసులొచ్చి షట్టర్ దించమంటారు, లోపల లైట్లు ఆర్పీసి సౌండ్ తీసీసి దొంగల్లాగ చూసాం కొన్నాళ్లు. సౌండ్ లేని ఫుట్‌బాల్ ఎలా ఉంటాదో తెలుసా, అక్వేరియం చూసినట్టుంటాది.

సరే, చూసినవేనా బాగున్నాయా అంటే, మొదటి రాత్రే బాయర్న్ 9, జాగ్రెబ్ 2. పదకొండు గోల్స్ అని మురిసిపోయాం గాని సగం నుంచి అందరూ రీల్స్ చూసుకుంటున్నారు. రెండు వారాల తర్వాత డార్ట్‌మండ్ 7, సెల్టిక్ 1. యంగ్ బాయ్స్, స్లోవాన్ బ్రాటిస్లావా అయితే ఎనిమిదికి ఎనిమిదీ ఓడిపోయి ఒక్క పాయింటు లేకుండా ఇంటికెళ్లారు. పాపం వాళ్లననడానికి లేదు, ఆడమంటే ఆడారు. పిలిచినోళ్లది తప్పు. నాలుగు నెల్లు ఇంత తతంగం చేసి 36 మందిలో ఇంటికి పంపింది పన్నెండు మందినే. టేబుల్లో ఫస్ట్ వచ్చిన లివర్‌పూల్ నాకౌట్‌లో తన మొదటి పోటీలోనే పెనాల్టీల్లో పోయింది, పోయింది ఎవరి చేతిలో, 15వ ప్లేసులో ఉన్న పారిస్ క్లబ్బు పీఎస్జీ చేతిలో, ఆ పీఎస్జీయే ఫైనల్లో ఇంటర్ మిలాన్‌ని 5-0 కొట్టి కప్పు పట్టుకుపోయింది. మరి మనం నిద్ర మానుకుని చూసిన ఆ 144 దేనికి?

ఒక్క రాత్రి మాత్రం అబద్ధమాడకూడదు, జనవరి 29, ఆఖరి రౌండ్, చాలా బాగుంది. 18 మ్యాచ్‌లూ ఒకేసారి. మాంచెస్టర్ సిటీ గెలవకపోతే టోర్నీ నుంచే అవుట్, హాఫ్ టైముకి బ్రూజ్ మీద 0-1 వెనకున్నారు. కెఫే స్క్రీన్ మీద ఏటి పెట్టారో చెప్పండి? బార్సిలోనా, అటలాంటా. బార్సిలోనాకి టాప్ ఎయిట్, అంటే నేరుగా ప్రీక్వార్టర్స్‌కెళ్లే చోటు, అప్పటికే ఖాయం, కానీ కౌంటర్ మీదుండే గుంటడు బార్సా ఫ్యాన్. రిమోట్ అడిగితే "అన్నా, మెజారిటీ బార్సాయే అన్నా" అన్నాడు, ఉన్నదే ఆరుగురం. నేను మెట్ల మీద కూచుని నా డేటాతో, నా ఫోన్‌లో, సిటీ 3-1 తో తిరగబడ్డం చూసాను. 2,500 కట్టి మెట్ల మీద.

మర్నాడు ఓనర్ గారిని కలిసాను. నేను నోట్ చేసుకున్న లెక్క చూపించాను, మొత్తం 19 మ్యాచ్‌లు, అంటే మ్యాచ్‌కి 130 పైన పడింది. ఆయన పాస్ తిప్పి చూపించి, "తమ్ముడూ, 144 మ్యాచ్‌లు జరుగుతాయని రాసాం, చూపిస్తామని ఎక్కడ రాసాం?" అన్నారు. నిజంగానే రాయలేదు.

ఇప్పుడు వరల్డ్ కప్ కూడా అదే బాపతు. 32 టీముల్ని 48 చేసారు, 64 మ్యాచ్‌లు 104 అయ్యాయి, అందులో గ్రూపువే 72, ఆ 72 అయ్యాక ఇంటికెళ్లేది 16 టీములే, మూడో ప్లేసోళ్లలో కూడా ఎనిమిది మంది పైకొచ్చీస్తారు. మూడు డ్రాలతో కూడా బండి లాగొచ్చు, 2016 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్పులో, పోర్చుగల్ అలాగే దాటి కప్పే కొట్టింది. పైగా ప్రతి గ్రూపులో ఆఖరి రెండు మ్యాచ్‌లూ ఒకే టైముకి పెడతారు, అంటే ఒక్క స్క్రీన్ ఉన్నచోట 12 మ్యాచ్‌లు కట్టిన రోజే గంగలో కలిసినట్టు. ఆడేది అమెరికా, కెనడా, మెక్సికోల్లో, మనకి చాలామటుకు అర్ధరాత్రీ తెల్లారగట్లాను. ఫైనల్ కూడా జూలై 20 తెల్లవారితే అనగా రాత్రి పన్నెండున్నరకి.

కొనాలనే ఉంటే వాళ్లని స్క్రీన్లెన్నో అడగండి, రాత్రి తెరిచుంచడానికి పర్మిషనుందా అడగండి, రెండు మ్యాచ్‌లు ఒకేసారొస్తే ఏది పెట్టాలో ఎవరు తేలుస్తారో కాగితం మీద రాయించుకోండి. నేనైతే జూన్ 28 దాకా ఇంట్లోనే, నాకౌట్లు మొదలయ్యాక రోజు టికెట్టు తీసుకుంటాను.

రిఫండ్ వచ్చిందా అని అడుగుతారేమో. రెండు టీ కూపన్లిచ్చారు, అవి మార్చి 31తో అయిపోయాయి.