వైజాగ్‌లో నోడ్ సైటు చేయించుకునేవాళ్ళు చివరి పేమెంట్ ముందు ఇది చదవండి

మన ఊళ్ళో షాపులకి నోడ్ జేఎస్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) ఆర్డర్ సైట్లు చేసి అమ్మేవాళ్ళు ఉన్నారు కదా, అందరూ అలాంటోళ్ళే అనను గానీ, పూర్ణా మార్కెట్ దగ్గర మా బావ చేపల ఆర్డర్ల కోసం కొన్నది తెరిచి చూస్తే మతిపోయింది. పేరు చెప్పను, డబ్బులు వెనక్కి అడుగుతున్నాం ఇంకా.

టెస్ట్ కాపీ, లైవ్ కాపీ అని రెండిచ్చారు, దానికి బిల్లు కూడా విడిగా వేశారు. తీరా చూస్తే టెస్ట్‌కి డేటాబేస్ అడ్రసే పెట్టలేదు, అడ్రస్ లేకపోతే లైవ్ డేటాబేస్‌కే పోయేలా కోడ్‌లో రాసిపడేశారు. బావ వాళ్ళబ్బాయి టెస్ట్‌లో ఏదో నొక్కి చూస్తుంటే ఎంవీపీ కాలనీ కస్టమర్లకి "మీ వంజరం బయల్దేరింది" అని నిజం మెసేజ్‌లు వెళ్ళిపోయాయి, వాళ్ళేమో ఫోన్ చేసి ఏటండీ మేం ఆర్డరే పెట్టలేదు కదా అని. తమాషా ఏంటంటే ఎస్సెమ్మెస్ ఆఫ్ చెయ్యడానికి డాట్ ఈఎన్‌వీ అనే సెట్టింగ్స్ ఫైల్లో ఫాల్స్ అని రాసే ఉంది! కోడ్ ఆ సెట్టింగ్స్ చదువుకునే ప్రాసెస్ డాట్ ఈఎన్‌వీ లోంచి వచ్చేది ఏదైనా స్ట్రింగే, అంటే ఉత్తి అక్షరాలే, "ఫాల్స్" అనే స్ట్రింగ్‌ని ఉత్తి ఇఫ్ షరతులో పెడితే జావాస్క్రిప్ట్‌కి అది నిజం కిందే లెక్క. "ట్రూ" అవునా కాదా అని పోల్చి ఉంటే అయిపోయేది, ఆ ఒక్క లైనుకి బద్ధకం.

నోడ్ ఎన్వ్ అనే సెట్టింగ్‌ని ప్రొడక్షన్ (అంటే లైవ్) అని పెట్టడం కూడా మర్చిపోయారు, దాంతో ఎర్రర్ వస్తే ఎక్స్‌ప్రెస్ (ఆ సైటు కట్టిన నోడ్ ఫ్రేమ్‌వర్క్) స్టాక్ ట్రేస్, అంటే తప్పు కోడ్‌లో ఎక్కడొచ్చిందో చెప్పే లిస్టు, మొత్తం తెచ్చి కస్టమర్ ఫోన్‌లో చూపిస్తోంది.

అసలు భయం వేసింది మాత్రం ఆన్‌లైన్ పేమెంట్లు తీసుకునే రేజర్‌పే లైవ్ సీక్రెట్ కీ గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే చోటు) కనిపించినప్పుడు. అడిగితే "ఆ ఫైలు డిలీట్ చేసేశాం సార్" అంటాడు, పాత కమిట్లలో, అంటే ముందు సేవ్ చేసిన వెర్షన్లలో, అది అలాగే ఉంటుంది కదా బాబూ! కీ మార్చుకోవడం తప్ప దారిలేదు, మార్చుకున్నాం.

కాబట్టి డబ్బులిచ్చే ముందు వాళ్ళ ఎదురుగానే డేటాబేస్ అడ్రస్ తీసేసి యాప్ స్టార్ట్ చేయించండి, ఫలానాది లేదు అని అక్కడే ఆగిపోవాలి, గప్‌చుప్‌గా నడిచిందంటే ఎక్కడికో కనెక్ట్ అవుతోందేమో అని అనుమానించాల్సిందే. డాట్ ఈఎన్‌వీ గిట్ఇగ్నోర్‌లో (గిట్‌లోకి ఎక్కించకూడని ఫైళ్ళ లిస్టు) ఉందో లేదో, విలువలు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న ఎగ్జాంపుల్ ఫైలు ఇచ్చారో లేదో కూడా చూడండి. టెస్ట్‌కీ లైవ్‌కీ సెట్టింగ్స్ విడదీయాలంటే ఎక్స్‌ట్రా అవుతుందని మా బావకి చెప్పినట్టు మీకూ చెప్తే అస్సలు ఒప్పుకోకండి, నోడ్ 20.6 నుంచి ఎన్వ్ ఫైలు చదివే ఆప్షన్ నోడ్‌లోనే ఉంది, దానికోసం ప్యాకేజీ కూడా అక్కర్లేదు.