పియెట్టా 1858 నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రివాల్వర్: నేర్చుకునేవాళ్లకు ఎలా ఉంటుంది?

ఇటలీలోని పియెట్టా సంస్థ చేసే .44 క్యాలిబర్ రివాల్వర్ ఇది. అమెరికా అంతర్యుద్ధం నాటి రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీకి నకలు. అసలు తుపాకీ బ్యారెల్ మీద 1858 నాటి పేటెంటు తేదీ ఉండేది, అదే పేరుగా స్థిరపడింది. నల్ల తుపాకిమందుతో కాల్చడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు, అదే కాలపు కోల్ట్ రివాల్వర్ల నకళ్ల కంటే ముందు దీన్నే చెబుతాం. సిలిండర్ పైన కూడా ఫ్రేమ్ ఉంటుంది కాబట్టి తుపాకీ గట్టిగా ఉంటుంది. కోల్ట్‌లోలా అడ్డమేకు కొట్టి బ్యారెల్ ఊడదీసే పని లేదు. హ్యామర్‌ను సగం ఎత్తి, గుండ్లు నొక్కే లోడింగ్ లివర్ కిందికి దించి, సిలిండర్ తిరిగే ఇరుసును ముందుకు లాగితే సిలిండర్ పక్కకు జారి చేతిలోకి వస్తుంది.

దట్టించే ముందు సిలిండర్ అరల్లో (మందు, గుండు పెట్టే గదులు), నిపుల్స్‌లో (అరల వెనక ఉండి నిప్పును మందుకు చేర్చే సన్న గొట్టాలు) ఉన్న నూనెను పూర్తిగా తుడవాలి. తర్వాత అరలు ఖాళీగా ఉండగానే నిపుల్స్ మీద క్యాప్‌లు (హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూతలు) పెట్టి పేల్చండి. గొట్టం (బ్యారెల్) మూతి దగ్గర గడ్డిపోచ కదిలితే దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే ఆ నిపుల్‌లో ఇంకా నూనె ఉంది, అసలు గుండు వేళ అది పేలదు.

మందు 3ఎఫ్ అనే సన్న గుళికల రకం, అరకు 25 నుంచి 30 గ్రెయిన్లు (సుమారు 1.6 నుంచి 1.9 గ్రాములు) చాలు. మందు కుప్పె నుంచి నేరుగా అరలోకి వంపకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కుప్పె మొత్తం చేతిలోనే పేలుతుంది. కొలతగొట్టంలోకి తీసుకుని పోయాలి. ఆధునిక తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వాడకూడదు, ఆ పీడనానికి సిలిండర్ బద్దలవుతుంది. మందు మీద గ్రీజు పట్టించిన ఫెల్ట్ బిళ్ల, దాని మీద .454 అంగుళాల మెత్తటి సీసపు గుండు పెట్టి లివర్‌తో నొక్కాలి. అర అంచున సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుని ఊడి వస్తే గుండు బిగుతుగా కూర్చున్నట్టే. ఉంగరం రాలేదంటే ఆ గుండు వదులు. వదులు గుండు పక్కనుంచి మంట దూరి పొరుగు అర కూడా అంటుకోవచ్చు. వదులు క్యాప్‌ల వల్ల వెనకవైపు నుంచీ ఇదే ప్రమాదం. గుండు మందును ఆనుకునే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మందు తగ్గించి కాల్చాలనుకుంటే ఆ ఖాళీని సన్న రవ్వతో నింపండి. గుండు అంచు కంటే పైకి ఉంటే సిలిండర్ తిరగదు.

క్యాప్‌లు అన్నిటికంటే చివర, గురివైపు తిరిగి నిలబడ్డాకే పెట్టాలి. నిపుల్‌ను బట్టి 10 లేదా 11 నంబరు సరిపోతుంది. కర్రపుల్లతో ఒత్తి కూర్చోబెట్టండి. పేలకపోతే గొట్టాన్ని గురివైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఈ తుపాకీకి ఉన్న చిరాకు పగిలిన క్యాప్ ముక్కలు. అవి హ్యామర్ సందులో పడి ఇరుక్కుంటాయి. గొట్టం మూతిని ఆకాశం వైపు ఎత్తి హ్యామర్ వెనక్కి లాగితే చాలావరకు బయటికి రాలిపోతాయి.

అసలు లోపం మాత్రం ఇరుసులో ఉంది. కోల్ట్ ఇరుసు మీద గ్రీజు నిలిచే గాళ్లు ఉంటాయి, దీనికి అవి లేవు. అందుకే రెండు మూడు సిలిండర్లు కాల్చేసరికి మసి గట్టిపడి సిలిండర్ బిగుసుకుంటుంది. మైనం, జంతుకొవ్వు కలిపిన గ్రీజు ఇరుసుకు దండిగా రాస్తే చాలాసేపు తిరుగుతుంది. పెట్రోలియం నూనెలు వద్దు. అవి నల్ల తుపాకిమందు మసితో కలిసి తారులా అంటుకుంటాయి.

కాల్చిన రోజే కడగడం తప్పనిసరి. మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, రాత్రి గడిచేలోపే తుప్పు మొదలవుతుంది. పిడి చెక్కలు విప్పి పక్కన పెట్టండి. గొట్టాన్ని, సిలిండర్‌ను సబ్బు కలిపిన వేడినీళ్లలో బ్రష్‌తో తోమి, మరుగునీళ్లతో కడిగితే ఇనుము వేడెక్కి నీరు త్వరగా ఆరిపోతుంది. నిపుల్స్‌ను రెంచితో విప్పి మరలకు గ్రీజు రాసి బిగించాలి, లేకపోతే అవి బిగుసుకుపోయి రావు. సిలిండర్‌ను తిరిగి పెట్టేటప్పుడు అది మామూలుగా తిరిగే దిశలోనే కొద్దిగా తిప్పుతూ తోయండి, సిలిండర్‌ను తిప్పే లోపలి పట్టుకొక్కెం తప్పుకుంటుంది. బలవంతంగా తోస్తే అది అరుగుతుంది. ఆరిన గొట్టంలో నూనె గుడ్డ తిప్పి, మర్నాడు మరో తెల్లగుడ్డ తోసి చూడండి. దాని మీద గోధుమరంగు మరక కనిపిస్తే మళ్లీ కడిగి నూనె రాయాల్సిందే.