పాత ప్రొజెక్టర్‌కు ‘లైట్ లీకేజీ జీరో’ అంటే నమ్మకండి, మూత తీయించి చూడండి

పాత 8 ఎంఎం ప్రొజెక్టర్ కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బులు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు 9,500 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అట్లుంచితే, మళ్లీ దొరకని ఫిల్ము ముక్క ఒకటి మాడిపోయింది.

మాది నల్లగొండ. మా పెద్దనాయన సాగర్ డ్యామ్ మీద పనిచేసేవాడు. 1970లలో అక్కడ క్వార్టర్లలో ఉన్నప్పుడు ఎవరో బయటి దేశం నుంచి తెచ్చిన కెమెరా కొని, ఆరు సూపర్ 8 (ఇళ్లలో సినిమా తీసుకోవడానికి వాడే 8 ఎంఎం వెడల్పు ఫిల్ము) రీళ్లు తీశాడు. మొన్న ఇల్లు సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో బయటపడ్డాయి. ఒక్కోటి 50 అడుగులు. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. వాటిని చూద్దామనే ఈ ప్రొజెక్టర్ కోసం వెతికాను.

హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే ఒకాయన ప్రకటన పెట్టాడు: ‘ఫుల్ సర్వీస్ చేసింది, లైట్ లీకేజీ జీరో.’ నన్ను పడేసింది ఆ చివరి మాటే. ఈ మిషన్లలో బల్బు చల్లబడటానికి పెట్టిన గాలి రంధ్రాల నుంచి వెలుతురు కూడా బయటికి వస్తుంది. అది పైకప్పు మీద, గోడల మీద పడి, తిరిగి తెర మీదికి చేరుతుంది. బొమ్మలో నల్లగా ఉండాల్సింది బూడిద రంగులో కనిపిస్తుంది. సున్నం వేసిన తెల్ల గోడల గదిలో ఇంకా ఘోరం. తయారైన రోజు నుంచీ చాలా మోడళ్లలో ఉన్న లోపమే ఇది. మరి ఇతను ‘జీరో’ ఎట్లా చేశాడని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. వీడియో కాల్‌లో చీకటి గదిలో ఆన్ చేసి చూపించాడు. నిజంగానే ఒక్క చుక్క వెలుతురు బయటికి రాలేదు. ‘గ్యారంటీ అన్నా, మస్తు నడుస్తది’ అన్నాడు. డబ్బులు కొట్టేశాను.

మిషన్ వచ్చిన రోజు రాత్రే మొదటి రీలు ఎక్కించాను. నాలుగు నిమిషాలు కూడా పట్టని పనే కదా, కానీ రీలు ఎక్కించడం చేతకాక బల్బు వెలుగుతుండగానే చాలాసేపు తిప్పలు పడ్డాను. ఆలోపు వేడెక్కాల్సినంత వేడెక్కింది. సాగర్ గేట్ల నుంచి నీళ్లు దూకుతున్న బొమ్మ బాగానే వచ్చింది. తర్వాత మా నానమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తూ కనబడింది. అంతలో ప్లాస్టిక్ కాలిన వాసన. మోటారు గొంతు మారింది, బొమ్మ నెమ్మదించింది, ఆగింది. నానమ్మ తల తిప్పి కెమెరా వైపు చూడబోతున్న చోట తెర మీద గోధుమరంగు మచ్చ పుట్టి, బుడగలాగా ఉబ్బి, తెల్లబడిపోయింది. స్విచ్ తీసేసరికి 11 ఫ్రేములు పోయాయి. తెర మీద అది ముప్పావు సెకను కూడా రాదు.

ఇంట్లో తీసుకునే ఈ ఫిల్ములకు మామూలుగా నెగెటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి, దాన్నే ప్రొజెక్టర్లో వేసేవాళ్లు. కాలితే ఇంకో కాపీ ఎక్కడా లేదు.

మర్నాడు వెనక మూత తీసి చూస్తే విషయం అర్థమైంది. గాలి పోయే జాలీ లోపలివైపు నల్ల ఫోమ్ అతికించాడు. అది చాలదని సందుల్లో ఇన్సులేషన్ టేపు. ఇదీ ఆయన చేసిన ‘సర్వీస్’! ఇందులో ఉన్నది 12 వోల్టుల, 100 వాట్ల హాలోజన్ బల్బు. దాని వెనక ఉండే అద్దం వెలుతురును ఫిల్ము వైపు పంపి, వేడిని చాలావరకు వెనక్కి వదిలేస్తుంది. ఫిల్ము మాడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. సరిగ్గా ఆ వేడి వచ్చే చోటే ఫోమ్ పెట్టాడు. అది కరిగి, జిగురుగా కారి, ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుంది. ఫ్యాన్, ఫిల్ము రెండూ నడిచేది ఒకే మోటారు మీద. ఫ్యాన్ పట్టేస్తే ఫిల్ము కూడా ఆగుతుంది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఫోన్ చేస్తే ‘ఫోమ్ మీరే పెట్టి ఉంటరు’ అన్నాడు. పార్సిల్ విప్పుతూ వీడియో తీశాను గానీ, మూత తీసి లోపల తీయలేదు. అక్కడే దొరికిపోయాను. మీరు మాత్రం లోపల కూడా తీయండి.

కొనే ముందు వెనక మూత, బల్బు దగ్గరి మూత రెండూ తీసిన ఫొటో అడగండి. జాలీ వెనక రేకు కనబడాలి, మెత్తటిది ఏదీ ఉండకూడదు. నేరుగా వెళ్లి చూసేటట్టయితే ఫిల్ము లేకుండా పది నిమిషాలు నడిపి, గాలి బయటికొచ్చే చోట అగరుబత్తి పట్టుకోండి. పొగ గట్టిగా పక్కకు కొట్టుకుపోవాలి. నిలువుగా లేచిందంటే గాలి ఆడటం లేదన్నట్టే. అమెరికా మిషన్ అయితే వోల్టేజి మార్చే మీట ఉందో లేదో, ఉంటే ఏ అంకె మీద ఉందో చూడండి. 110 మీద ఉంచి మన 230 కరెంటు ఇస్తే అక్కడికక్కడే అయిపోతుంది.

ఇంకో మాట. తెర మీద నలుపు తేలిపోవడానికి ప్రతిసారీ జాలీయే కారణం కాదు. లెన్సు మీద మసక పట్టినా, ఫంగస్ పెరిగినా బొమ్మంతా పాలపొర కప్పినట్టు వస్తుంది. ఎన్ని టేపులు వేసినా అది పోదు. లెన్సు బయటికి తీసి ఒకవైపు నుంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

వెలుతురు ఆపడానికి నేను తర్వాత చేసింది చెప్తాను. క్లాక్ టవర్ దగ్గర రేకు పని చేసే ఆయనతో చిన్న గూడు చేయించాను. జాలీకి రెండంగుళాల దూరంలో నిలబడుతుంది, లోపల దారి రెండు మలుపులు తిరుగుతుంది. వెలుతురు మలుపు తిరగలేక నల్ల రేకుకు కొట్టుకుని ఆగిపోతుంది, గాలి మాత్రం తిరిగి బయటపడుతుంది. లోపల బండి సైలెన్సర్లకు వేసే నల్ల పెయింటు వేశాం. మామూలు పెయింటు ఆ వేడికి పొగలు కక్కుతుంది. ముందు ఆరుబయట ఫిల్ము లేకుండా నడిపి వాసన పోగొట్టాను. తర్వాత మళ్లీ అగరుబత్తి పరీక్ష. మొత్తం ఖర్చు 350 రూపాయలు.

ఆ గూడు కూడా వద్దనుకుంటే ఇంట్లో నల్ల గొంగడి ఉంటే చాలు. ప్రొజెక్టర్‌కు ఒక గజం దూరంలో, పక్క గోడ మీద వేలాడదీయండి. మా ఇంట్లో సగం తేడా దానితోనే వచ్చింది. మిషన్ మీద మాత్రం కప్పకండి.

మిగిలిన ఐదు రీళ్లు ఇంకా ఎక్కించలేదు. ఎవరిదో పాత రీలు, బూజు పట్టి ఎందుకూ పనికిరానిది, దొరికింది. ముందు దాన్ని అరగంట తిప్పి తిప్పి చూస్తున్నాను.