స్నైడర్, మార్టినీ, విన్‌చెస్టర్: ఒక్క తూటా రైఫిళ్లలో ఏది మేలు?

నల్లగొండ, పాలమూరు దిక్కు పాత తుపాకి మాటెత్తితే ముందు యాదికొచ్చేది బర్మారే. గొట్టం మూతిలోంచి మందు కూరి, గుండు దిగగొట్టి పేల్చాలి. సాయుధ పోరాటంలో దళాల చేతుల్లోనూ అవి కనబడ్డయి. దాని తర్వాతి మెట్టు వెనుక నుంచి ఒక్కో తూటా పెట్టే రైఫిళ్లు. వాటిలో ఏది కొనాలో బాగా ఆలోచించే కొనాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద ఒక్కరికి రెండు తుపాకులే, తాతల నుంచి వచ్చినదీ ఆ లెక్కలోదే.

వేట సంగతి ముందే తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మన దగ్గర వేట ముచ్చటే లేదు. అమ్రాబాద్ అడవి పులులది, అట్లనే ఉండాలి. చట్టం ఒప్పుకునే అమెరికా లాంటి చోట్ల వేటకైతే 1885 విన్‌చెస్టరే మేలు. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన నమూనా అది. ట్రిగ్గర్ కింది లివర్ (మీట) లాగితే గొట్టం వెనుక మూసి ఉండే ఉక్కు దిమ్మ నిలువుగా కిందికి జారుతుంది. గట్టి కట్టుబడి, ఎన్నో సైజుల తూటాలకు చేశారు.

సేకరణకు మాత్రం పోటీ స్నైడర్‌కూ మార్టినీ హెన్రీకీ మధ్యనే. స్నైడర్ 1866 నాటిది. మూతిలోంచి మందు కూరే పాత ఎన్‌ఫీల్డు రైఫిళ్ల గొట్టం వెనుక భాగం కోసి, పక్కకు తెరుచుకునే మూత బిగించారు. మూత తెరిచి వెనక్కి లాగితే పేలిన తూటా ఖాళీ తొడుగు కాస్త బయటికొస్తుంది, రైఫిల్ తిరగేసి దులిపితేగాని కిందపడదు. 1857 తర్వాత తెల్లదొరలు మన సిపాయిలకు తమకంటే ఒక తరం పాత ఆయుధమే ఇచ్చేవారు. వాళ్లు మార్టినీ పట్టాక కూడా మనవాళ్లు స్నైడరే మోశారు. ఆ అవమానం మోసిన ఇనుము కాబట్టి చరిత్ర కోసం కొనేవారికి నేను స్నైడర్‌నే చెబుతాను.

పనితనం చూస్తే 1871 నాటి మార్టినీ ముందు అది నిలవదు. బయట హామర్ లేదు. లివర్ దించితే దిమ్మ ముందు కొస కిందికి వాలుతుంది, ఖాళీ తొడుగు దానంతటదే బయటపడుతుంది. చేయి తిరిగినవాడు నిమిషానికి 12 తూటాల దాకా పేల్చేవాడు. తొలి తూటాల తొడుగు పలుచని ఇత్తడి రేకు చుట్ట. గొట్టం వేడెక్కి మసి పట్టితే ఇరుక్కుపోయేది. అందుకే మార్టినీ నాలుగో రకమైన మార్క్ 4లో లివర్ పొడవు పెంచారు. ఒక్కటే కొనగలిగితే నేను ఆ పొడవు లివర్‌దే తీసుకుంటా.

కొనేటప్పుడు కుడి పక్క కిరీటం, దాని కింద విక్టోరియా పొడి అక్షరాలు, సంవత్సరం చూడండి. రాణి 1901లోనే పోయింది. ఆ తర్వాతి ఏడాదితో ఆమె ముద్ర ఉంటే ఖైబర్ కనుమ పనివాళ్ల నకలే అనుకోవచ్చు. ఇంగ్లిషు అక్షరాలు తిరగబడి ఉన్నా అంతే. మరమ్మతు చేసినా పేలని పురాతన తుపాకికి ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయినా అమ్మేవాడి నోటిమాట మీద ఇంటికి తేవద్దు, పోలీసుల దగ్గర ముందే అడిగి కాగితం చేతికి తీసుకోండి.