పార్కిన్సన్స్ ప్రాజెక్టుకి ఏది మేలు: సెల్ లైనా, పండు ఈగలా?

బెంగళూరులో ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌కి వచ్చిన మన తెలుగు పిల్లలు ఎలుకల ఆశ వదిలేసుకోవడం మంచిది. ఎథిక్స్ అనుమతి చేతికొచ్చేసరికే సగం సెమిస్టర్ గడిచిపోతుంది. ఇక మిగిలేవి ప్లేటులో పెంచే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే మనిషి సెల్స్, డ్రోసోఫిలా అనే పండు ఈగలు.

సెల్స్‌తో ఫలితం త్వరగా వస్తుంది. రోటెనోన్ అనే విషం వేసిన 24 గంటలకి ఎంటీటీ (సెల్స్ చురుకుదనాన్ని రంగుతో కొలిచే పరీక్ష) చేసి, 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోవచ్చు. చిక్కల్లా ఆ అంకెతోనే. ఇవి న్యూరోబ్లాస్టోమా (ఒక రకం నరాల క్యాన్సర్) సెల్స్, విభజన ఆగదు. సీరం 1 శాతానికి తగ్గించి, 10 మైక్రోమోలార్ రెటినోయిక్ యాసిడ్‌లో ఐదారు రోజులు ఉంచితే గానీ న్యూరాన్లలా కొమ్మలు సాగవు. ఆ యాసిడ్‌కి వెలుతురు పడదు, ట్యూబుకి ఫాయిల్ చుట్టాల్సిందే. పైగా రోటెనోన్ దెబ్బకొట్టేది సెల్‌కి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్ 1 అనే ఎంజైముని. మీడియాలో గ్లూకోజ్ దండిగా ఉంటే సెల్స్ గ్లైకోలిసిస్ (మైటోకాండ్రియా అక్కర్లేకుండా గ్లూకోజ్ నుంచి శక్తి తీసే దారి) మీదే బతికేస్తాయి, విషం పనిచేయలేదేమో అనిపిస్తుంది. గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్ ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎంటీటీ తగ్గిందంటే సెల్స్ చచ్చాయని కాదు, చచ్చిన సెల్స్ నుంచి బయటికి కారే ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌ని కూడా చూడాలి.

అయినా వయసుతో ముదిరే జబ్బుకి ముసలితనం ప్లేటులో ఎక్కడ దొరుకుతుంది? అది ఈగలో దొరుకుతుంది. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి ఈగకి పది రోజులు. పార్కిన్సన్స్‌లో మెదడులో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ ప్రొటీన్ ఈగకి సొంతంగా లేదు కాబట్టి, దాని మనిషి జన్యువుని గాల్4 అనే జన్యు స్విచ్‌తో మెదడులో పలికించి, వారాలు గడిచేకొద్దీ నడక ఎలా పాడవుతుందో చూడొచ్చు. స్టాకుల (పెంచి ఉంచిన ఈగల రకాలు) కోసం జీకేవీకే ప్రాంగణంలోని ఫ్లై ఫెసిలిటీని అడగొచ్చు.

క్లైంబింగ్ పరీక్ష తేలికే: ఈగలున్న వయల్‌ని (చిన్న గొట్టం) తట్టి, 10 సెకన్లలో 8 సెంటీమీటర్ల గీత దాటినవాటిని లెక్కపెట్టడం. ఈగల్ని వేరుచేయడానికి మత్తుగా కార్బన్ డయాక్సైడ్ ఇచ్చిన రోజే చేస్తే మత్తు వదలని ఈగలు రోగిష్టివిగా కనిపిస్తాయి, 24 గంటలు ఆగాలి. ఊరి చల్లదనాన్ని నమ్మి వయల్స్ బల్ల మీద వదలకండి. గాల్4 జోరు ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది, డిసెంబర్ బ్యాచ్‌కీ మార్చి బ్యాచ్‌కీ పొంతన కుదరదు. రోటెనోన్ మేతలో కలిపితే ఈగలు తక్కువ తిని ఆకలితోనే నీరసించవచ్చు. నీలం రంగు కలిపి పొట్టలు చూస్తే అది తేలిపోతుంది.

ఒక మందు మైటోకాండ్రియాని ఎలా కాపాడుతుందన్నదే ప్రశ్నైతే సెల్స్ తీసుకోండి. తక్కిన ప్రశ్నలకి మా ఓటు ఈగలకే, 25 డిగ్రీల ఇంక్యుబేటర్ ఉంటేనే. గణాంకాల్లో ఎన్ (నమూనాల లెక్క) అంటే వయల్స్ సంఖ్య, ఈగల సంఖ్య కాదు. గైడ్‌తో మొదటి మీటింగులోనే ఆ లెక్క వేసుకుని క్రాసులు (ఈగల జతలు) పెట్టండి.