న్యూ ఆర్లీన్స్ జాజ్ ఫోటోలు: ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ సూపర్, మేం దిగిన హాస్టల్ దండగ

అమెరికాలో జాజ్ పుట్టిన ఈ ఊరి మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు, ఉన్న కోపమంతా ఆ హాస్టల్ మీదే. యాప్‌లో బెడ్ 39 డాలర్లు అని చూపించి, తీరా కౌంటర్ దగ్గర టవల్‌కి 5, లాకర్‌కి 6, ఫెసిలిటీ ఫీజు అని ఇంకో 14, మనిషికి 64 లాగాడు. ఫెసిలిటీ అంటే ఏంటి బాబూ అంటే వైఫై అంట, అదీ మెట్ల దగ్గర నిలబడితేనే వస్తుంది. పోనీ లాకరన్నా పనికొచ్చిందా, కెమెరా బ్యాగ్ అందులో పట్టనే లేదు, ఆ 6 వెనక్కివ్వమంటే తల కూడా ఎత్తకుండా పాలసీ లేదన్నాడు. రాత్రంతా బ్యాగ్ తలకింద పెట్టుకునే పడుకున్నా. హ్యూస్టన్ నుంచి నాతో బస్సెక్కిన వరంగల్ రూమ్మేట్ అయితే "జాజ్ అని చెప్పి జేబు ఖాళీ చేయించావ్ కదరా" అని మూతి ముడుచుకున్నాడు. పైగా ఆ రోజు శనివారం, వాడు నాన్‌వెజ్ ముట్టడు, అక్కడ రాజ్మా అన్నంలో కూడా సాసేజ్ వేస్తారు. కేఫ్ డు మాండ్‌లో బెన్యేలు (నూనెలో వేయించిన మెత్తటి పిండి ముక్కలు, ప్లేటుకి మూడు, పైన గుట్టగా పంచదార పొడి) రెండు ప్లేట్లు లాగించాకే కాస్త దారికొచ్చాడు.

బోర్బన్ స్ట్రీట్ ఒకసారి నడిచి చూడండి చాలు, జాజ్ కన్నా తాగి అరిచే జనమే ఎక్కువ.

జాజ్ కచేరీలు జరిగే ప్రిజర్వేషన్ హాల్ 1961లో మొదలైంది. టికెట్ మాకు 25 డాలర్లు పడింది, నిలబడి చూడాలి, షో ముప్పావుగంట, లోపల మందు అమ్మరు. వాయిస్తున్నంతసేపూ ఫోటోలు బంద్. ఫోటోల కోసమే అంత దూరం పోయినవాడికి ఒళ్ళు మండదా మరి, కానీ అందరి ఫోన్లూ జేబుల్లో ఉండేసరికి ఆ ట్రంపెట్ ఎంత దగ్గరగా వినపడిందంటే, ఆ 25 నాకు అస్సలు నొప్పనిపించలేదు.

అసలు ఫోటోలన్నీ ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లోనే. స్పాటెడ్ క్యాట్ లాంటి చిన్న క్లబ్బుల్లో సెట్‌కి (బ్యాండ్ ఒక విడత వాయించినంతసేపు) ఒక డ్రింక్ కొనాలి. చాలా చోట్ల 21 ఏళ్ళు నిండాలి, ఇండియన్ లైసెన్స్ చూపిస్తే తలుపు దగ్గర ఒప్పుకోలేదు, పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి. ఫ్లాష్ జోలికి పోవద్దు, 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ఐఎస్ఓ 3200, షటర్ 1/125 సెకను సరిపోయింది, ట్రాంబోన్ (గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే బాకా) స్లైడ్ కదులుతున్నట్టు పడాలంటే 1/30కి దించండి. ఎర్ర లైటు కింద మొహాలు ముద్దలైపోతాయి, రా (RAW) ఫైల్స్, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైళ్ళు, తీసి బ్లాక్ అండ్ వైట్ చేసుకోవడమే మేలు.

చార్టర్స్ స్ట్రీట్ మూల మీద కుర్రాళ్ళ బ్రాస్ బ్యాండ్ (బాకాలు, డ్రమ్ములు వాయించే గుంపు) దొరికింది చూడండి, ఆ పెద్ద డ్రమ్ అచ్చం మన తీన్మార్ లాగే గుండెల్లో కొడుతుంటే మావాడు అలకంతా మర్చిపోయి నడిరోడ్డు మీద స్టెప్పులేశాడు, నా బెస్ట్ ఫోటో కూడా అదే. అట్ట పెట్టెలో 5 డాలర్లు వేశాకే కెమెరా ఎత్తా, మీరూ అలాగే చెయ్యండి, ఊరికే తీసుకుని పోతే వాళ్ళకి చిరాకు. స్ట్రీట్‌కార్‌కి (పట్టాల మీద నడిచే ట్రామ్) రోజు పాస్ 3 డాలర్లే, క్యాబ్ డబ్బులు మిగుల్చుకుని రూమ్ మాత్రం కాస్త మంచిది తీసుకోండి.