‘పెప్’ మాత్రలు కొనేవాళ్లకు హెచ్చరిక: తిరుపతిలో నాకు జరిగిన మోసం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఉండే గే సోదరులారా, ఇది చివరిదాకా చదవండి. గత నెల తిరుపతి బస్టాండు ప్రాంతంలోని ఒక మందుల దుకాణంలో 6,500 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు మళ్లీ సంపాదించుకుంటాను. దానితోపాటు రెండు రోజులు పోయాయి, నా కోపమంతా దాని గురించే.

శనివారం రాత్రి పదకొండు గంటలకు కండోమ్ చిరిగింది. అతను ఎప్పుడూ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోలేదట. ఇలాంటిది జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే మందు ఉందని, దాన్ని పెప్ అంటారని ఎప్పుడో విన్నాను. ఎన్ని గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎన్ని రోజులు వాడాలి, అందులో ఏ మందులుండాలి, ఒక్కటీ తెలియదు. ఆదివారం ఉదయం దుకాణంలో జనం పలచబడేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాను. అతను లోపలికి వెళ్లి ఒక కాగితపు పొట్లం తెచ్చాడు. పది మాత్రలు, పది రోజులు చాలన్నాడు. బిల్లు అడిగితే, “బిల్లు మీద మీ పేరు రాయాలి, తర్వాత మీకే ఇబ్బంది” అన్నాడు. అంతే, నోరెత్తలేకపోయాను. మర్నాడు తనకు తెలిసిన ల్యాబుకు పంపి రక్తపరీక్ష కూడా చేయించాడు. నెగెటివ్ వచ్చింది, ఇక నిశ్చింతగా ఉండమన్నాడు.

ఆ రాత్రి చిత్తూరులో ఉండే స్నేహితుడికి ఫోను చేశాను. మాత్రల పట్టీ మీద ఏముందో చదవమన్నాడు. తీసి దీపం కింద పెట్టి చూస్తే, ప్రతి ముక్కా కత్తెరతో కత్తిరించి ఉంది. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉండాల్సిన అంచు లేదు. సగం తెగిన అక్షరాలను కూడబలుక్కుంటే రెండు పేర్లు తేలాయి: టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్. అది ప్రెప్, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా వాడే రెండు మందుల జంట. మన దేశ మార్గదర్శకాల ప్రకారం పెప్‌లో మూడు మందులుండాలి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్. మూడూ కలిసిన ఒకే మాత్ర దొరుకుతుంది, రోజుకొకటి చొప్పున 28 రోజులు వేసుకోవాలి. పది రోజుల లెక్క ఎక్కడా లేదు.

పరీక్ష సంగతీ అంతే. వైరస్ సోకినా రక్తంలో కనిపించడానికి వారాలు పడుతుంది. రెండో రోజు వచ్చిన నెగెటివ్ అంతకుముందు నా పరిస్థితి ఏమిటో చెబుతుందే తప్ప శనివారం రాత్రి గురించి ఏమీ చెప్పదు.

మంగళవారం ఉదయం తొమ్మిదికి రుయా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం దగ్గర ఉన్నాను. అప్పటికి 58 గంటలు. పెప్‌కు గడువు 72 గంటలే. మొదటి మాత్ర రెండు గంటల్లోపు పడితే మరీ మంచిది. వైరస్ ఒకసారి శరీరంలో స్థిరపడితే ఈ మందు దాన్ని వెళ్లగొట్టలేదు, అందుకే ప్రతి గంటా లెక్కే. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న “ఎప్పుడు జరిగింది?” ఎవరితో అని చిన్నచూపుగా అడుగుతారేమోనని గుండె దడదడలాడింది, అలాంటిదేమీ లేదు. హెపటైటిస్ బి, కిడ్నీ పరీక్షలు రాశారు, ఎందుకంటే ఈ మందుల్లో రెండు హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి, ఆ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే కాలేయానికి ప్రమాదం. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రవిర్‌తో కలిపి వేసుకోవద్దన్నారు. దుకాణంలో ఇవేవీ ఎవరూ అడగలేదు, చెప్పలేదు.

కాబట్టి దయచేసి నేరుగా ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి. ఆదివారమో, రాత్రి పూటో అయితే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి, అది ఉచితం. బయట కొనాల్సి వస్తే డాక్టరు చీటీతో, మూత సీలు తీయని డబ్బానే కొనండి, మూడు పేర్లూ గడువు తేదీ చదవండి, బిల్లు తీసుకోండి. పేరు బయటపడుతుందన్న భయం నాకూ తెలుసు. కానీ 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మన సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేసింది. నాలుగు రోజులకే, అదే నెల 10న, హెచ్‌ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది. మన అనుమతి లేకుండా పరీక్ష చేయడాన్నీ, వివరాలు బయటపెట్టడాన్నీ అది అడ్డుకుంటుంది.

మా స్నేహితుల్లో ఆరుగురిని అడిగాను. పెప్ పేరు విన్నది ఒక్కరే, 72 గంటల సంగతి ఆయనకూ తెలియదు. మీ వాళ్లను కూడా అడిగి చూడండి.

నేను ఈ రాత్రి పందొమ్మిదో మాత్ర వేసుకుంటాను. ఆరు వారాలకు, మళ్లీ మూడు నెలలకు పరీక్షలున్నాయి. కత్తిరించిన ఆ పట్టీ ముక్కలు పారేయలేదు. ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు రాస్తున్నాను. బిల్లు లేదు కాబట్టి ఆ ముక్కలే నా సాక్ష్యం. మీలో ఎవరికైనా ఇలాంటి పొట్లమే అమ్మి ఉంటే దాన్ని దాచిపెట్టండి, ఫిర్యాదులో మీరూ చేరండి.